పచ్చ టిక్కు పది కాలాలు చల్లగా ఉండాలి

మా ఆసుపత్రి రికార్డుల ఆఫీసుకు పంతొమ్మిది రోజుల పాటు పనికొచ్చే ఈమెయిల్ ఒక్కటీ రాలేదు. అయ్యో పాపం అనకండి. ఇంతటి భాగ్యం మీ ఆఫీసులకూ పట్టాలని మనసారా కోరుకుంటున్నాను!

అసలు ఈమెయిల్ వల్ల బాగుపడ్డవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి? పొద్దున్నే పెట్టె తెరిస్తే చాలు, ఇదేమైంది, అదెప్పుడు, పోయినవారం అడిగినదాని సంగతేమిటి అని ప్రాణం తీస్తారు. ఆ పంతొమ్మిది రోజులూ ఆ బాధే లేదు. పక్క సీటావిడ స్వెటరుకు రెండో చెయ్యి కూడా అల్లేసింది. మా సూపర్‌వైజరు సొరుగులన్నీ సర్దుకుంటే ఎప్పుడో పోయిన కళ్ళజోడు దొరికింది.

ఈ ప్రశాంతత ఊరికే రాలేదు. దీని వెనక మా సిస్టమ్స్ ఆఫీసరుగారి దీక్ష ఉంది. ఆయన్ని మేం ముద్దుగా పచ్చటిక్కు గారంటాం.

సంగతేమిటంటే, మెయిల్ సర్వర్‌కు సర్టిఫికెట్ అని ఒకటుంటుంది. అది దాని గుర్తింపు కార్డు. ఆ సర్టిఫికెట్ వేలిముద్రను డీఎన్‌ఎస్ అనే ఇంటర్నెట్ చిరునామాల పుస్తకంలో కూడా రాసిపెడతారు. ఉత్తరం పంపే సర్వర్ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసేదైతే, ముందు ఆ రెండూ సరిపోయాయో లేదో చూసుకుంటుంది. సరిపోకపోతే ఇదెవరో దొంగ అనుకుని ఉత్తరం ఇవ్వకుండానే వెనక్కి పోతుంది.

పచ్చటిక్కు గారు కొత్త సర్టిఫికెట్ పెట్టారు. పుస్తకంలో మాత్రం పాత వేలిముద్రే ఉండిపోయింది. మనిషన్నాక మరిచిపోడా?

అలాగని ఆయన సరిచూసుకోరని ఎవరైనా అంటే నేనూరుకోను! రోజూ పదింటికి, ఆ రెండూ సరిపోయాయో లేదో పరీక్షించే పేజీ తెరుస్తారు. మా వెబ్‌సైట్ పేరు కొడతారు. పచ్చ టిక్కు వస్తుంది. ప్రింటు తీసి, సంతకం పెట్టి, గోడకు అంటిస్తారు. ఆ పుస్తకంలో వెబ్‌సైట్ రికార్డు వేరు, మెయిల్ రికార్డు వేరు. ఆయన రోజూ చూసేది మొదటిదాన్నే. "మెయిళ్ళు బొత్తిగా తగ్గాయేమిటండీ?" అని పక్క సీటావిడ అడిగితే ఆయన గోడ వైపు చెయ్యి చూపించారంతే.

మెయిళ్ళన్నీ ఆగిపోయాయనుకునేరు! లాటరీ తగిలిందనేవాళ్ళు, దిక్కులేని ఆస్తికి మీరే వారసులనేవాళ్ళు, బట్టతల మీద పదిరోజుల్లో జుట్టు మొలిపిస్తామనేవాళ్ళు అందరూ వేళకు వచ్చారు. వాళ్ళు వేలిముద్రలూ అవీ చూసే రకం కాదు కదా. ఆచితూచి అడుగేసే పెద్దమనుషులు గుమ్మంలోనే ఆగిపోతే, దొంగలు నేరుగా నట్టింట్లోకొచ్చి కూర్చున్నారు. ఇంత పకడ్బందీ కాపలా ఇంకెక్కడైనా ఉందా?

ఆ మధ్య ఏదో ల్యాబ్ నుంచి ఫోన్ కూడా వచ్చింది, మెయిల్ వెనక్కొస్తోందని. ఫోనెత్తిన మనిషి ఎంతో మర్యాదగా, "నోటిమాటగా చెబితే నమోదు కాదమ్మా, ఆ సంగతే మెయిల్లో రాసి పంపండి" అన్నాడు. పద్ధతంటే అదీ!

మా ప్రశాంతతకు అడ్డుపడిందల్లా మా అక్క. మెడ కింద గడ్డ ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు మా ఆఫీసుకే రావాలి. రోజూ నేను టిఫిన్ డబ్బా మూత తీసే వేళకు ఫోన్ చేసేది.

"ఒరేయ్, వచ్చిందా?"

"రాలేదక్కా."

"ఒకసారి కనుక్కోరా. నాకు నిద్ర పట్టడం లేదు."

"ఏదైనా ఉంటే ఈపాటికి పంపేవాళ్ళు కాదూ? రాలేదంటే ఏమీ లేదనే లెక్క. నువ్వు నిశ్చింతగా ఉండు."

"నువ్వు చెప్పావంటే సరేలే," అనేది. చిన్నప్పటి నుంచీ నా మాటంటే ఆమెకంత గురి.

పంతొమ్మిదో రోజున ల్యాబ్ మేనేజరమ్మ చేత్తో కవరు పట్టుకుని తనే వచ్చింది. "మీ సర్వర్ మీదేనో కాదో తేలడం లేదండీ. రోగుల రిపోర్టులు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలో పెట్టమంటారా? నాలుగుసార్లు పంపాం, నాలుగుసార్లూ తిరిగొచ్చింది. ముందు ఆ మెయిల్ రికార్డు చూసుకోండి."

"అది చూస్తే ఎర్రది రావచ్చు కదండీ," అన్నారు పచ్చటిక్కు గారు నొచ్చుకుంటూ. "ఎర్రదొస్తే ఎవరికి సంజాయిషీ ఇచ్చుకోవాలి? పచ్చగా ఉన్నదేదో పచ్చగా ఉంది, పోనివ్వండి."

నాకు నవ్వొచ్చింది. కవరు మీద మా అక్క పేరు చూసేదాకా నవ్వుతూనే ఉన్నాను. లోపలి కాగితం మీద తేదీ పదహారు రోజుల కిందటిది. దాని కింద గీత గీసి మరీ రాశారు, వెంటనే డాక్టరును కలవాలని.

ఇంతకీ ఆ రోజు ఫోనెత్తిన మర్యాదస్తుడెవరని మీరడగలేదు. నేనే. ఏ ల్యాబమ్మా అని కూడా అడగలేదు. పచ్చటిక్కు గారి టిక్కులు గోడ మీద పంతొమ్మిది ఉన్నాయి. నేను మా అక్కకు పెట్టిన టిక్కులు ఏ గోడ మీదా లేవు గానీ, వాటికీ ఆ మాత్రం లెక్క ఉంటుంది.

ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే అక్క అందుకుంది.

"రాలేదనేగా? నువ్వన్నట్టే ఏమీ లేదులేరా. ఈమధ్య నాకు హాయిగా నిద్ర పడుతోంది."