బస్తా మోసిన డిష్ కేబుల్

ఈ ఎనభై తొమ్మిదో సంవత్సరంలో, మండపేటలో బియ్యం వ్యాపారం చేసే ఇంట్లో డిష్ యాంటెన్నాకు కేబుల్ ఎంపిక చేయడమన్నది చంటిపిల్లల తల్లులు వేలు పెట్టకూడని రాజ్యాంగ వ్యవహారం.

మా ఇంట్లో ఇందుకు ఒక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు మా మామగారు వెంకటరత్నంగారు. సభ్యులూ ఆయనే. (మావారికి తల ఊపే హక్కు ఉంది.) డిష్ పెరట్లో గోదాము డాబా మీద. టీవీ వీధివైపు సావిట్లో, వచ్చేపోయేవాళ్లకు కనబడేలా. మధ్య దూరం నూట ఎనభై అడుగులు. ఆ డాబాకు పిట్టగోడ లేదు, మా బుజ్జమ్మ కొత్తగా పాకుతోంది. కనక టీవీ బొమ్మ సావిడి దాకా చక్కగా రావాలని, మాలో ఎవరికీ డాబా ఎక్కే పని పడకూడదని పిఠాపురం అమ్మవారికి మొక్కుకున్నాను.

రేడియో షాపు శాంతికుమార్ రెండు కేబుల్ చుట్టలు తెచ్చాడు.

"ఇంత దూరానికి ఈ లావుదే వెయ్యాలండి. లోపలంతా రాగండి. సన్నందైతే బొమ్మ దార్లోనే నీరసించిపోద్దండి."

"ముందు బలం చూడాలి కదయ్యా!" అన్నారు మామగారు.

మా బియ్యం మిల్లులో బలానికి ఒకటే పరీక్ష. రెండు కేబుళ్లకూ చెరో బియ్యం బస్తా కట్టి దూలానికి వేలాడదీశారు. రాగిది సాగింది. లోపల ఇనుప తీగున్న సన్నది మోసింది, నెగ్గింది. ఆ సన్నదాని చుట్టకు అంటించిన ఇంగ్లీషు కాగితం కూడబలుక్కుని, "ఇది వందడుగుల దాకానేనటండి" అన్నాను.

"రాసినవాడు బస్తా కట్టి చూళ్లేదమ్మా."

సావిట్లో టీవీ పెట్టగానే తెర నిండా ముగ్గుచుక్కలు. సంఘం విచారణ జరిపి, కేబుల్ నిర్దోషి అనీ, తప్పంతా దూరానిదే అనీ తేల్చింది. దూరాన్ని రద్దు చేస్తూ టీవీని డాబా మీదికి బదిలీ చేసింది.

"పిట్టగోడ కట్టించండి మావయ్యగారూ, పిల్ల పాకుతోంది."

"గోడ కడితే సిగ్నల్ దానికి కొట్టుకుని వెనక్కి పోతుందమ్మా. పిల్లకి నువ్వున్నావుగా!"

(ఇదే నా నియామక ఉత్తర్వు. సెలవుల ప్రస్తావన లేదు.)

ఇప్పుడు రోజూ సాయంత్రం పాతికమంది డాబా మీద చేరతారు. వాళ్లకు కాఫీలు అందించాలి కనక కింద ఉండిపోవడానికి నాకు అనుమతి లేదు. నేనెక్కడుంటే బుజ్జమ్మా అక్కడే. కాఫీలయ్యాక టీవీకి వీపు పెట్టి, పిల్ల మీద కన్నేసి అంచున కూర్చుంటాను. ఈ మూడు వారాల్లో బుజ్జమ్మ అంచుదాకా పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ నా చేతికి దొరికింది.

నిన్న పక్కింటి అచ్చాయమ్మగారు అడిగారు: "మీ కోడలు అటు తిరిగి కూర్చుందేంటండీ?"

"ఎనిమిదితోనే బడి మానిపించేశారండి, పాపం," అన్నారు మా అత్తగారు జాలిగా. "టీవీ అర్థం కాదు."