దొరగారి మరక

తివాచీ మీద మోకాళ్ళూ మోచేతులూ ఆనించి, ముక్కు నేలకి తాకేలా వంగి, అద్దాలాయన పాకుతున్నాడు. చూపు పరీక్షించి కళ్ళద్దాలు అమర్చడం అతని పని. వీధిలో అందరికీ అతను అద్దాలాయనే. ఇంట్లో మాత్రం కొన్నాళ్ళుగా అతన్ని ముక్కుతో పని చెయ్యమంటున్నారు.

"దొరికిందా?" అంది భార్య గుమ్మంలోంచి. మెడలో కొలత టేపు, నోట్లో రెండు గుండుసూదులు.

"ఇదిగో, ఇక్కడే. గుప్పుమంటోంది."

"అది నిన్న మీరు టీ ఒలకబోసిన చోటు."

అద్దాలాయన ఇంకో జానెడు ముందుకి పాకాడు.

ఇంతకీ కారకులైన దొరగారు గుమ్మం పక్కన పడుకుని ఈ పాకుడు చూస్తున్నారు. దొరగారంటే కుక్క. ఎవరొచ్చినా లేవరు, పిలిస్తే పలకరు, పెట్టింది తిని మొహం తిప్పుకుంటారు గనక ఆ పేరు వచ్చింది. వయసులో ఉన్నప్పుడు అది పొగరు. ఇప్పుడు నిజంగానే లేవలేరు, నిజంగానే వినపడదు. పొగరుకీ ముసలితనానికీ పైకి తేడా తెలియకపోవడం ఆయన అదృష్టం.

తేడా తివాచీకి మాత్రమే తెలుస్తోంది.

"ఎల్లుండి మా అక్క వస్తోంది," అంది భార్య, సూదులు తీసి జాకెట్టుకి గుచ్చుకుంటూ. "మోకాలి వైద్యానికి. నెల్లాళ్ళు ఈ గదిలోనే, ఆ మంచం మీదే. అక్క ముక్కు సంగతి మీకు తెలుసుగా?"

తెలుసు. వదినగారు రిటైరైన హెడ్మిస్ట్రెస్. వరండాలో నడుస్తూనే ఏ క్లాసులో ఎవరు వేళకాని వేళ అన్నం డబ్బా తెరిచారో పట్టేసేవారట. పిల్లలు డబ్బాకి బదులు పుస్తకం తెరవడం అలా అలవాటు చేసుకున్నారట.

"అక్క వచ్చేలోపు వాసన పోవాలి. పోలేదా, దొరగారు మా తమ్ముడి తోటకి వెళ్తారు. అక్కడ తివాచీలు లేవు."

"ముసలిప్రాణం. ఈ వయసులో కొత్తచోట..."

"చంపమనలేదండీ. తోటకి పంపమన్నాను."

ఆవిడ వెళ్ళిపోయింది. వెనక గదిలో కుట్టుమిషన్ మొదలైంది. ఆ చప్పుడు మొదలయ్యాక ఆ ఇంట్లో ఎవరి జవాబూ ఎవరికీ వినపడదు.

అద్దాలాయన తివాచీ మీదే కూలబడ్డాడు. దొరగారి నేరాలేమిటి? వినపడకపోవడం, లేవలేకపోవడం, ఆపుకోలేకపోవడం. ఒక్కొక్కదాన్నీ తనతో పోల్చుకున్నాడు. మొదటిది మొదలైంది. రెండోది నడుస్తోంది. మూడోది దారిలో ఉంది. ఇవి చాలక, దొరగారికి లేని లోపం కూడా తనకి ఒకటుంది. కిందటి చలికాలం జ్వరం తగ్గినప్పటినుంచీ అతనికి వాసన తెలియదు. మంచిది తెలియదు, చెడ్డదీ తెలియదు.

ఈ సంగతి భార్యకి చెప్పలేదు. పాడైన వస్తువుల్ని ఇంట్లో ఉంచే అలవాటు ఆవిడకి లేదు. పిడి ఊడిన గొడుగూ, ఆగి ఆగి తిరిగే ఫ్యానూ ఆవిడ హయాంలో ఎక్కువకాలం బతకలేదు. అందుకని అద్దాలాయన ముక్కు పనిని కళ్ళకి అప్పగించి నెట్టుకొస్తున్నాడు. కొత్త సబ్బు చూపించి ఎలా ఉందని ఆవిడ అడిగితే, సబ్బుని వాసన చూసినట్టు నటిస్తూ ఆవిడ కనుబొమల్ని చూస్తాడు. పైకి లేస్తే "అద్భుతం". ముడిపడితే "కొంచెం ఘాటు". ఇంతవరకూ తప్పలేదు. తప్పిన రోజు ఏమవుతుందన్నది అతను స్నానం చేస్తూ ఆలోచించుకునే విషయం.

ఈ రోజు కుక్క. రేపు?

అంచేత దొరగారిని కాపాడి తీరాలి.

ముందు మరక మీద వెనిగర్ పోశాడు. దానిమీద వంటసోడా చల్లాడు. తివాచీ బుసబుసమని పొంగేసరికి భయపడి సోఫా ఎక్కాడు. పొంగు అణిగాక దిగి, భార్యని పిలిచి, షాపులో అద్దాలు మార్చి మార్చి అడిగే పద్ధతిలోనే అడిగాడు.

"ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"ఇందాక కుక్క వాసన. ఇప్పుడు వెనిగర్‌లో నానబెట్టిన కుక్క వాసన."

అత్తరు చల్లాడు.

"ఇది?"

"పెళ్ళికి బయల్దేరిన కుక్క."

"పోనీ మొదటిదే నయమా?"

"ఇదేమన్నా కళ్ళజోడా, అలవాటు పడమనడానికి?"

అద్దాలాయనకి చివరి ఉపాయం తట్టింది. వాసనంటే తడి. తడి ఆరితే వాసన పోతుంది. ఆవిడ మార్కెట్టుకి వెళ్ళిన అదను చూసి, కుట్టుగదిలోంచి ఆవిరి ఇస్త్రీపెట్టె తెచ్చి మరక మీద బలంగా రుద్దాడు. ఆవిరి గుప్పున లేచింది. అతనికేమీ తెలియలేదు. తివాచీ చక్కగా ఆరిందని ముచ్చటపడ్డాడు. కానీ దొరగారు లేచారు. ఎవరొచ్చినా లేవని దొరగారు, తమ వాసన తామే భరించలేక వరండాలోకి వెళ్ళి, ఇంటికి వీపు పెట్టి పడుకున్నారు.

భార్య గేటు దగ్గరే సంచీ దించేసింది.

"ఏం చేశారు?"

"ఏం చెయ్యలా."

"వేడి తగిలించారా?"

"కొంచెం. గోరువెచ్చగా."

"పాత మరకకి వేడి తగిలిస్తే దారంలోకి పాతుకుపోతుందండీ! ఏళ్ళ తరబడి ఊరందరి బట్టల మరకలూ తీస్తున్నాను, నన్నో మాట అడిగితే నోరు అరుగుతుందా?"

"నిన్ను ఆశ్చర్యపరుద్దామని..."

"పరిచారు. ఇక ఆ మరక జోలికి మీరు వెళ్ళకండి. నా మీద ఒట్టు."

అద్దాలాయన తల ఊపాడు గానీ మనసులో ఆ మాటని విప్పి, మడిచి, మళ్ళీ విప్పి చూసుకున్నాడు. జోలికి వెళ్ళొద్దంది. అంటే ఆశ వదిలేసింది. ఆశ వదిలేసిందంటే తోట ఖాయం. ఆ రాత్రి భోజనంలో ఆవిడ దొరగారికి మామూలుకంటే ఓ ముద్ద ఎక్కువ వేసినట్టు అనిపించింది. పంపించేవాళ్ళకే అలా వడ్డిస్తారు. తన కంచం వైపు చూసుకున్నాడు. ఎక్కువేమీ లేదు. కొంచెం ధైర్యం వచ్చింది.

వదినగారు వచ్చే రోజు భార్య స్టేషనుకి బయల్దేరింది. మరక ఉన్నచోట, సరిగ్గా గది మధ్యలో, కుట్టాల్సిన బట్టల బుట్ట పెట్టి ఉంది.

"ఏదీ ముట్టుకోకండి. ఏదీ సర్దకండి. ఊరికే కూర్చోండి," అంది చెప్పులేసుకుంటూ.

అద్దాలాయన ఊరికే కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం అతనికి చేతకాని పనుల్లో మొదటిది. బుట్ట ఎందుకు పెట్టింది? కనపడకుండా దాచడానికా? దాచినా వాసన దాగుతుందా? బుట్ట అతన్నే చూస్తోంది. చివరికి లేచి, ఒక్కసారి చూసి మళ్ళీ పెట్టేద్దామని, బుట్ట పక్కకి జరిపాడు. తివాచీ మీద చెయ్యి వేశాడు.

తడి.

చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"దొరగారూ! ఇవాళేనా? ఇంకో రోజు దొరకలేదా మీకు?"

దొరగారు మొహం తిప్పుకున్నారు. బుట్ట కింద ఎలా చెయ్యగలిగారన్న ప్రశ్న అద్దాలాయనకి రాలేదు. భయపడ్డ మనిషికి 'ఎందుకిలా జరిగింది' అని తోస్తుంది గానీ 'ఎలా జరిగింది' అని తోచదు. తోచిందొకటే: ఈ తడి ఇద్దరక్కచెల్లెళ్ళ కంటా పడకూడదు.

గది చుట్టూ చూశాడు. మంచం కింద, గోడవార, ఎవరి అడుగూ పడని మూల. తివాచీ అక్కడ పరిచిన రోజెలా ఉందో అలాగే ఉంది. అక్కడి ముక్క కోసి ఇక్కడ వేసి, ఇక్కడి ముక్క అక్కడ పెడితే? మంచం కిందికి ఎవరు వంగుతారు? ఒకావిడకి మోకాలు నొప్పి, ఇంకొకావిడకి తీరిక లేదు.

కత్తెర కావాలి. ఇంట్లో తివాచీ కోయగల కత్తెర ఒక్కటే, కుట్టుగదిలో మేకుకి వేలాడుతోంది. దానికి బట్ట తప్ప కాగితమైనా తగలకూడదు. ఒకసారి అద్దాలాయన దానితో బిస్కెట్ ప్యాకెట్టు కత్తిరించినందుకు ఆవిడ రెండు పూటలు మాట్లాడలేదు. అయినా తీశాడు. తివాచీలోకి దించితే అది కరకరమని మూలిగింది. తర్వాత మూలగడం కూడా మానేసింది.

ముక్క మాత్రం ఫ్రేములో అద్దం కూర్చున్నట్టు కూర్చుంది. కొద్దిగా ముదురు రంగులో కనిపించింది. ఎడమవైపు నించుంటే కనిపిస్తోంది, కుడివైపు నించుంటే మాయమవుతోంది. వెలుతురు తేడా అనుకున్నాడు. రోజంతా షాపులో "వెలుతురుని అనకండి, మీ చూపే తగ్గింది" అని చెప్పే మనిషి.

వరండాలోంచి దొరగారు నెమ్మదిగా వచ్చారు. కొత్త ముక్కని ఆప్యాయంగా వాసన చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, దానిమీద పడుకుని నిట్టూర్చారు. కృతజ్ఞత, అనుకుని అద్దాలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

గేటు చప్పుడైంది. కత్తెర సోఫా దిండు కిందికి వెళ్ళింది.

"ఏం మరిదిగారూ, కులాసానా?" వదినగారు కర్ర ఆనించుకుంటూ వచ్చి సోఫాలో కూర్చున్నారు.

"తమరి దయ. ప్రయాణం బాగా జరిగిందా?"

వదినగారి ముక్కు ముందు ఎడమవైపు తిరిగింది. తర్వాత కుడివైపు. తర్వాత ఆగిపోయింది. అద్దాలాయన ప్రాణాలన్నీ ఆ ముక్కు కొసన వేలాడుతున్నాయి.

"ఏదో వాసన."

"కొత్త కార్పెట్ కదండీ!"

"కిందటిసారి వచ్చినప్పుడూ ఇదే ఉంది."

"అంటే... మధ్యలో కొత్తది."

పెట్టె పట్టుకుని భార్య లోపలికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడ వాసన సంగతి ఆలోచించనేలేదు. కళ్ళు నేల మీద ఉన్నాయి.

"ఆ ముక్క ఎవరు తిప్పారు?"

"ఏ ముక్క?"

"వెల్వెట్ కత్తిరించి బతికేదాన్నండీ. నూగు వాలే వాటం తిరగబడితే వీధి చివరినుంచి కనిపిస్తుంది నాకు. దేనితో కోశారు?"

వదినగారు కొంచెం సర్దుకుని కూర్చుని, దిండు కింద చెయ్యి పెట్టి, కత్తెర తీసి చెల్లెలికి అందించారు. భార్య అంచుని బొటనవేలితో తడిమి చూసింది.

"తడిగా ఉంది మరి!" అన్నాడు అద్దాలాయన, ఇక దాచలేక. "దొరగారు మళ్ళీ చేశారనుకున్నాను. నువ్వు చూస్తే తోటకి..."

"తడిపింది నేను!"

వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"పెంపుడు జంతువుల షాపులో దీనికని ఒక మందు ఉంటుంది. పోసి, తడి ఆరకుండా ఉంచి, దాని మానాన వదిలేస్తే మరకని అదే మెల్లగా తినేస్తుంది. పొద్దున్న చూశాను, అక్కడ వాసనే లేదు. ఇంకో మరకెక్కడో ఉంది. మీ వెనిగరూ అత్తరూ కలిసి అదెక్కడో తెలియనివ్వలేదు. ఇల్లంతా వెతుకుతున్నాను. మీరు దాన్ని కోసి తెచ్చి నట్టింట్లో పెట్టారు!"

"ఎవరూ చూడని చోటని..."

"ఆ సంగతి దొరగారు మీకంటే ముందే కనిపెట్టారు."

"మందు పోశానని నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే ఇంకో ఇస్త్రీ చేసేవారు."

"అది సరే మరిదిగారూ," అన్నారు వదినగారు హెడ్మిస్ట్రెస్ గొంతుతో. "ఇంత వాసనేస్తుంటే దాన్ని రెండు చేతుల్తో ఎలా మోసుకొచ్చారు?"

అద్దాలాయన భార్య కనుబొమల వైపు చూశాడు. అవి లేవలేదు, ముడిపడలేదు.

"నాకు వాసన తెలీదండీ," అన్నాడు. "ఆ జ్వరం వచ్చినప్పటినుంచీ."

"తెలుసు," అంది భార్య.

"ఎలా?"

"పాలు మాడి ఇల్లంతా కమురు కొడుతుంటే వంటింట్లోకొచ్చి 'ఏం చేస్తున్నావోయ్, ఘుమఘుమలాడిపోతోంది' అన్నారు. అనుమానం తీరక మర్నాడు ఖాళీ సీసాలో నీళ్ళు పోసి కొత్త అత్తరని చూపించాను. కొంచెం ఘాటన్నారు."

"మరి అడగలేదేం?"

"మీరెప్పుడు చెప్తారో చూద్దామని. ఎందుకు దాచారు?"

నవ్వుతూ చెప్దామనే అనుకున్నాడు. చూపు దొరగారి మీదికి పోయింది.

"దొరగారితో పాటు నన్నూ పంపించేస్తావేమోనని."

భార్య వంగి, దొరగారిని నెమ్మదిగా పక్కకి జరిపి, ఆ ముక్కని ఊడదీసి అతని చేతిలో పెట్టింది.

"పెరట్లో బకెట్లో మందు కలిపి ఉంది. దీన్ని ముంచండి. రుద్దకండి, పిండకండి, ఎండలో పెట్టకండి. ముంచి వచ్చెయ్యండి."

అతను రెండడుగులు వేసి ఆగాడు. దొరగారు ఇంతసేపు దానిమీద పడుకున్న ఫలితం కాబోలు, ముక్కలోంచి చొక్కా మీదికి ఏదో కారుతోంది.

"మరి... దొరగారి తోట సంగతి?"

"మా తమ్ముడికి ఫోన్ చేశాను," అంది ఆవిడ కత్తెర అంచుని వెలుతురుకి పెట్టి చూస్తూ. "ఇద్దరు వస్తారన్నాను. కుక్కనైతే ఎప్పుడైనా పంపమన్నాడు. మిమ్మల్ని మాత్రం తనవల్ల కాదన్నాడు. విడదీసి పంపడం నాకు ఇష్టం లేదు. వెళ్ళండి, కారుతోంది."