సైకిల్ మీద ఆకస్మిక తనిఖీ

ఆ రోజు రిజిస్టరమ్మ ఆఫీసుకు అరగంట ముందే వచ్చి, తన బల్ల దగ్గర కూర్చుని, సముద్రానికి దారి గీసుకుంటోంది.

అది వాన లెక్కల ఆఫీసు. తీరం పొడవునా దానికి నాలుగు కేంద్రాలు. ఒక్కో కేంద్రంలో ఆరుబయట వర్షమాపకమనే వాన నీళ్ళు పట్టే గొట్టం, దాన్ని కనిపెట్టుకుని ఒక ఉద్యోగి. రోజూ ఎనిమిదిన్నరకు ఆ నలుగురూ ఫోన్ చేసి ముందు రోజు ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో చెబుతారు. ఆమె రిజిస్టరులో రాస్తుంది. తొమ్మిదేళ్ళుగా రాస్తూనే ఉండటంతో అందరూ ఆమె అసలు పేరు మరిచిపోయారు. ఏ నెలలో ఏ తీరాన ఎంత వాన కురుస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. సముద్రాన్ని మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ లోటు వచ్చే సోమవారంతో తీరబోతోంది. ఐదు రోజుల సెలవు, రెండు సైకిళ్ళు, ఒక టెంటు, తోడుగా మేనత్త. మేనత్త ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. పక్కవాడు తుమ్మితే చాలు, నాడి చూసిగానీ వదలదు.

"ఏమే, పగలంతా తొక్కుతాం సరే, పడుకునేది ఎక్కడ?" అని ముందు రోజు సాయంత్రమే నిలదీసింది.

"వర్షమాపకాల పక్కన అత్తా. వాటి చుట్టూ చెట్టూ గోడా ఉండకూడదని రూలు. టెంటు వేయడానికి అంతకంటే మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?"

"అమ్మ దొంగా! ఇందుకేనా తొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీ వదలకుండా కూర్చున్నావు?" అంటూ మేనత్త టెంటు గుడ్డ హాల్లో పరిచి, అందులో దూరి, కాళ్ళు బయటికి వస్తున్నాయో లేదో చూసుకుంది. ఆ టెంటులోనే ఇద్దరూ కూర్చుని టార్చీలు, పంక్చరు సామాను, మంచినీళ్ళ సీసాలు లెక్కపెట్టుకున్నారు.

రిజిస్టరమ్మకు తెల్ల కాగితం మీద చేయి సాగదు. గళ్ళుంటేనే ఆలోచన కదులుతుంది. అందుకని ఆఫీసువాళ్ళు పర్యటనలకు వాడే ఫారం ఒకటి తీసి నింపసాగింది. మొదటి రోజు ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు, రెండో రోజు ముప్ఫై ఒకటి. వాహనం: సైకిలు. బస: టెంటు. 'ప్రయోజనం' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. సముద్రం చూడటానికి అని రాయాలంటే సిగ్గేసింది. ఖాళీగా వదిలేసింది. ఇంతలో ఫోన్లు మొదలయ్యాయి. ఫారాన్ని సెలవు చీటీ కింద పెట్టి, ఆ హడావిడిలో రెండూ కలిపి ఆఫీసరుగారి బల్ల మీద పెట్టేసింది.

ఆఫీసరుగారు రెండు పనులు చాలా శ్రద్ధగా చేస్తారు. ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెడతారు. ఖాళీ గడి కనిపిస్తే నింపకుండా వదలరు. సెలవు చీటీ మీద సంతకం చేశారు. ఫారం మీద కూడా చేశారు. ఖాళీ గడిలో 'ఆకస్మిక తనిఖీ' అని గుండ్రంగా రాశారు. ఆకస్మిక తనిఖీ అంటే ముందుగా అందరికీ తెలియజేయడం ఆ ఆఫీసు పద్ధతి. మధ్యాహ్నానికల్లా నకళ్ళు నాలుగు కేంద్రాలకూ, పై ఆఫీసుకూ వెళ్ళిపోయాయి.

మర్నాడు ఎనిమిదిన్నరకు మొదటి కేంద్రం ఫోన్ చేసింది.

"రిజిస్టరమ్మగారూ, ఇదేం అన్యాయమండీ! జీపులో వస్తే దూరం నుంచే దుమ్ము చూసి సర్దుకునేవాళ్ళం. సైకిలంటే చప్పుడైనా ఉండదు కదా!"

"ఎవరొస్తున్నారండీ?"

"మీరే కదండీ! తనిఖీకి! పైగా మా గుమ్మంలో టెంటట!"

"అయ్యో, అది తనిఖీ కాదండీ. నా సొంత పని."

"అంటే నోరు మెదపొద్దంటారు. అర్థమైంది లెండి. గొట్టానికి రంగు వేయించేశాను" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

రెండో కేంద్రం ఆయన గొంతు అప్పటికే బొంగురుపోయింది. "మీ దగ్గర దాచడం దేనికి మేడం. మా వర్షమాపకం రెండేళ్ళ క్రితమే గాలివానకు కొట్టుకుపోయింది."

"మరి రోజూ లెక్క చెబుతున్నారుగా!"

"మూడో కేంద్రం ఆయన్ని అడిగి, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ చేసి చెబుతున్నానండీ. ఆయన నిఖార్సైన మనిషి."

ఆ నిఖార్సైన మనిషి ఫోను రావడానికి రెండు నిమిషాలు పట్టింది. "మా గొట్టం అడుగున చిల్లి పడి రెండేళ్ళయిందండీ. చుక్క నిలవదు. రెండో కేంద్రం ఆయన్ని అడిగి చెబుతున్నాను. ఆయన లెక్క తప్పడులెండి."

రిజిస్టరమ్మ తన రిజిస్టరు వంక చూసింది. ఎర్ర గీతల మధ్య ఎంతో పొందికగా రాసుకున్న రెండేళ్ళ వాన, ఇద్దరు మనుషుల నోళ్ళలోనే కురిసి అక్కడే ఇంకిపోయింది. నాలుగో కేంద్రం నుంచి ఆ ఉద్యోగి భార్య మాట్లాడింది. "ఆయన నిన్నటి నుంచి మంచం దిగట్లేదమ్మా. మీరొచ్చి వెళ్ళిపోయాక దిగుతారట."

ఇక లాభం లేదనుకుని ఆమె ఆఫీసరుగారి గదిలోకి వెళ్ళి ఉన్నదంతా చెప్పేసింది. ఆయన సగమే విన్నారు. అప్పుడే పై ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఫోన్ వచ్చిందట.

"సైకిల్ మీద తనిఖీ! ఎవరికి తడుతుందమ్మా ఇలాంటిది? నాకు తట్టింది! ఇంత గోల్‌మాల్ బయటపడ్డాక ఇక నేనే వెళ్ళాలి. నువ్వు ఫోన్ల దగ్గర ఉండు. సెలవు రద్దు."

తొమ్మిదేళ్ళ ఎదురుచూపు ఒక్క ముక్కలో తేలిపోయింది.

సంగతి తెలిసిన మేనత్త గాలి కొట్టే పంపు చేత్తో పట్టుకునే సైకిలెక్కి ఆఫీసుకు వచ్చేసింది. "వెళ్ళండి ఆఫీసరుగారూ, తప్పకుండా వెళ్ళండి. ఆర్డరులో సైకిలని ఉందిగా. తొక్కడం వచ్చా?"

"జీపు అని మారుస్తాను."

"నకలు పై ఆఫీసుకు వెళ్ళిపోయింది కదండీ, మార్చాలంటే వాళ్ళ ఆర్డరు కావాలి. మూడు నెలలు పడుతుంది" అంది రిజిస్టరమ్మ మెల్లిగా.

ఆఫీసరుగారికి పౌరుషం వచ్చింది. "ఆ మాత్రం సైకిలు నేను తొక్కలేననా! బళ్ళో చదివేప్పుడు చేతులు వదిలి తొక్కేవాణ్ణి."

ఆఫీసంతా పెరట్లోకి వచ్చి నిలబడింది. మేనత్త ఆయన్ని తన సైకిలెక్కించి వెనక సీటు పట్టుకుంది. "ముందుకు చూడండి. నా వంక కాదు, ముందుకు! కాళ్ళు ఆపొద్దు!" ఆయన కాళ్ళు ఆపలేదు. ఆపడం ఎలాగో కూడా ఆయనకు గుర్తు రాలేదు. పెరట్లో అడ్డంగా ఉన్నది ఒక్కటే వస్తువు, ఆఫీసు సొంత వర్షమాపకం. సైకిలు తిన్నగా వెళ్ళి దాన్ని కౌగిలించుకుంది.

మేనత్త ఆయన మోకాలు నొక్కి చూసింది. "ఎముక బాగానే ఉంది. పరువే కాస్త వాచింది."

ఆయన నేల మీద కూర్చునే దుమ్ము దులుపుకున్నారు. తర్వాత ఫారం తెప్పించి చెప్పారు: "దారి గీసినవాళ్ళే వెళ్ళడం సబబు. ఫోన్లు నేను చూసుకుంటాను. సెలవు దేనికమ్మా, డ్యూటీ మీదే వెళ్ళు. ఈమె ఎవరు, మేనత్తా?" 'సహాయకులు' అన్న గడి ఖాళీగా ఉంది. అందులో 'వైద్య సిబ్బంది' అని రాశారు.

సోమవారం పదకొండు గంటలకు ఆ ఇద్దరూ ఒక ఇసుక దిబ్బ కిందికి చేరారు. సైకిళ్ళు ఇసుకలో దిగబడ్డాయి. చెరో సైకిలూ భుజాన వేసుకుని, ఆయాసపడుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ పైకెక్కారు. ఎదురుగాలి ముఖాన కొట్టింది. అంత నీళ్ళు, ఏ గొట్టంలోనూ పట్టనన్ని నీళ్ళు, కంటికి ఆనినంత మేరా కదులుతున్నాయి. రిజిస్టరమ్మ సైకిలు వదిలేసి, చెప్పులు వదిలేసి, కేక పెడుతూ కిందికి పరుగెత్తింది. మొదటి అల మోకాళ్ళ దాకా వచ్చి తాకింది.

"ఏమే, ఎంత లోతుందో చూసుకో!" అని అరుస్తూనే మేనత్త ఆమెను దాటి ముందుకు పోయింది.

తనిఖీలో మాత్రం రిజిస్టరమ్మ ఏ లోటూ చేయలేదు. నాలుగు కేంద్రాలూ చూసింది, కొత్త గొట్టాలు పెట్టించింది, మంచం మీద ఉన్నాయనకు మేనత్త చేత నాడి చూపించి కిందికి దింపించింది. శుక్రవారం సాయంత్రం టెంటు ముందు కూర్చుని నివేదిక నింపింది. చివరన 'ఇతర విశేషాలు' అన్న గడి ఉంది. అందులో పొందికగా ఇలా రాసింది:

"సముద్రం ఉన్నది. స్వయంగా చూశాము."