ఆరడుగుల గొట్టం

ఎనిమిదింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించేద్దామనుకున్న పని అది. ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర ప్రశాంతి కొత్తగా పెట్టిన లాండ్రీలో, బట్టలారబెట్టే పెద్ద మిషనుకి వేడిగాలి బయటికి పోయే గొట్టం బిగించాలి. గోడకవతల ఆరడుగులు, అంతే. ఎక్కువైతే తేమ వెనక్కి తంతుందని కంపెనీవాళ్లు కాగితం మీద గీసి మరీ ఇచ్చారు. సాయంత్రం అయిదింటికి లాడ్జి మేనేజరు వస్తాడు. అరవై దుప్పట్లు పొడిగా మడతపెట్టి ఉంటే ఏడాది పొడుగునా పని, లేకపోతే దుకాణానికి తాళం.

"మిస్త్రీకి నేను సెప్తాను. ముప్పయ్యెనిమిదేళ్లు రైల్వే వర్క్‌షాపులో రేకు కొట్టినోణ్ని," అన్నాడు ప్రశాంతి నాన్న జగ్గారావు. ఆ ఊళ్లోనే పుట్టిన మనిషి, బెంగాలీ గడగడా మాట్లాడతాడు. అంకెలు మాత్రం తెలుగులోనే వస్తాయి. ఆ సంగతి ఆయనకే తెలియదు.

దుప్పట్లు ఆరేదాకా కదిలేది లేదని మిషను వెనక ఇరుకులో దూరి, గొట్టం మొదలు పట్టుకుని నిలబడ్డాడు. గోడకవతల బాదల్ మిస్త్రీ రెండేసి అడుగుల ముక్కలు అతుకుతున్నాడు. పల్లెటూరి నుంచి కొత్తగా వచ్చినవాడు, తెలుగు బొత్తిగా రాదు. మూడు ముక్కలయ్యాక "కొతో?" అని కేకేశాడు, ఎంత కావాలని.

"ఆరు," అన్నాడు జగ్గారావు.

బాదల్ ఇంకో ముక్క అతికి మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు. వీడికి కాస్త చెముడులా ఉందని జగ్గారావు గొంతు పెంచాడు. బాదల్ చెయ్యి వేగం పెంచాడు. పదింటికి గొట్టం ప్రహరీ దాటింది. పన్నెండింటికి పక్కింటి రాధారాణి దీదీ వరండాలో తేలింది. నాలుగు రోజులుగా వదలని ముసురాయె, ఆవిడ కిక్కురుమనకుండా తన తడిచీరలన్నీ తెచ్చి దాని మూతి ముందు ఆరేసుకుంది.

ఇవతల ప్రశాంతి అప్పటికే మిషను తిప్పి చూస్తోంది. గంటయినా దుప్పట్లు పిండితే నీళ్లే.

"నాన్నా, ఆర్లేదు," అంది ఏడుపు గొంతుతో.

"ఏటీ, ఆరు లేదా?" జగ్గారావుకి ఒళ్లు మండిపోయింది. గోడ కన్నానికి నోరానించి, ఆరు, ఆరు అని గొంతు చించుకున్నాడు. తెచ్చిన ముక్కలయిపోతే బాదల్ తన ఇంటి చూరుకని దాచుకున్న రేకు కూడా చుట్టి అతికేశాడు.

రెండింటికి ప్రశాంతి బయటికొచ్చి, ఆ గొట్టాన్ని చూసి నెత్తి కొట్టుకుంది. బాదల్ చెమట తుడుచుకుంటూ, పొద్దుట్నుంచీ మీ నాన్నే కదా ఆరో, ఆరో అంటున్నాడని బెంగాలీలో మొత్తుకున్నాడు. అప్పుడు వెలిగింది ఆమెకి. బెంగాలీలో ఆరో అంటే 'ఇంకా' అని.

"ఛొయ్," అని ఆరు వేళ్లు చూపించింది.

గొట్టం విప్పుదామంటే రాధారాణి ససేమిరా అంది. చీరలు సగమే ఆరాయట. అన్నీ మిషన్లో వేసి ఆరబెట్టిస్తానని ప్రశాంతి మాటిస్తే గాని దారికి రాలేదు. మూడు ముక్కలుంచి మిగతావి పీకేశారు. దుప్పట్లు మూడు విడతల్లో కరకరలాడుతూ బయటికొచ్చాయి.

మేనేజరు ఒక దుప్పటి చెంపకి ఆనించుకుని మురిసిపోయాడు. "ఆరో పాఠాబో," అన్నాడు, ఇంకా పంపిస్తానని. ఆ మాట చెవిన పడగానే బాదల్ మళ్లీ రేకు కత్తెర అందుకున్నాడు. ప్రశాంతి పరుగెత్తి పట్టుకోవలసి వచ్చింది.

అప్పట్నుంచీ జగ్గారావు అయిదు తర్వాత ఏడు లెక్కపెడుతున్నాడు.