జిల్లాకొక్క జాజ్ ప్రతిభ

దరఖాస్తు పెట్టుకోని ప్రతిభ ప్రతిభే కాదని యువ జాజ్ ప్రతిభాన్వేషణ మండలి తేల్చేసింది. జిల్లాకొక్క యువ జాజ్ కళాకారుణ్ని కనిపెట్టి, ఏడాదిపాటు హైదరాబాద్‌లో గురువు దగ్గర ఉంచి నేర్పించాలని, ఆ కనిపెట్టే పని మాత్రం నెలాఖరులోగా ముగించాలని ఉత్తర్వు పంపింది.

నిజామాబాద్‌లో అది సీనియర్ అసిస్టెంట్ రాజలింగు బల్ల మీదికి చేరడానికి మూడు వారాలు పట్టింది. (రెండు వారాలు మొక్కల విభాగంలో ఉంది. జాజ్ అంటే జాజి అనుకున్నారు. ఏర్గట్ల నుంచి శ్యామలమ్మ అనే పసుపు రైతు, జాజి అంట్లు ఎప్పుడిస్తారని ఇప్పటికీ ఫోన్ చేస్తోంది.)

రాజలింగుకు జాజ్ తెలియదు. తెలియకపోవడమే నిష్పాక్షికత అని ఆరో నిబంధన చెబుతోంది కాబట్టి ఆయన్నే పరిశీలకుడిగా వేశారు.

పరీక్షకు ఇద్దరే వచ్చారు. మొదట బోధన్ పిల్ల దీక్షిత. పందొమ్మిదేళ్లు. తండ్రి రామ్‌దాస్ నడిపే పెళ్లి బ్యాండులో శాక్సోఫోన్ వాయిస్తుంది. ఊరేగింపు చెరుకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్నప్పుడల్లా, పాట అయిపోయినా ఆపకుండా సొంతంగా అల్లుకుంటూ పోవడం అలవాటయింది. ఆ అల్లికకు జాజ్ అనే పేరుందని ఫోన్లో చూసి తెలుసుకుంది. పక్కన కూర్చుని నేర్పినవాళ్లు ఎవరూ లేరు.

ఆమె వాయించింది. రాజలింగు పెన్నుకు మూత పెట్టాడు. చిన్నప్పుడు మెండోరలో, గోదావరి మీదికి వాన వచ్చే ముందు వీచే గాలి గుర్తొచ్చింది.

“మల్లొక్కసారి వాయించు బిడ్డా,” అన్నాడు. రెండుసార్లూ ఒకేలా వాయిస్తేనే ప్రతిభ స్థిరమైనదని పదకొండో నిబంధన.

రెండోసారి ఇంకా బాగా వాయించింది. అక్కడే దెబ్బతిన్నది.

“ఒక్కతీర్గ రాకపాయె గద బిడ్డా!”

“ఒక్కతీర్గ వస్తే అది జాజ్ ఎట్లయితది సార్?”

రాజలింగు నిబంధనలన్నీ తిరగేశాడు. జాజ్ అంటే ఏమిటో ఎక్కడా లేదు.

తర్వాత ప్రేమ్ అనే కుర్రాడు కీబోర్డు తెచ్చాడు. కరెంటు పెట్టలేదు. జేబులోని ఫోన్లో రికార్డు చేసిన పాట మోగుతుంటే, కీబోర్డు మెట్ల మీద వేళ్లు ఆడించాడు. రెండుసార్లకూ వెంట్రుకవాసి తేడా లేదు. నూటికి నూరు.

రాజలింగు మార్కుల కాగితం పక్కన పెట్టాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో మొదటిసారి, ఎవరూ అడగకుండానే పైఅధికారికి ఫోన్ చేశాడు. మండలి కార్యదర్శి సుచిత్ర ఓపిగ్గా విన్నారు.

“ఆ అమ్మాయి అంత బాగా వాయిస్తుందా?”

“మస్తు వాయిస్తది మేడమ్. నా రోమాలు నిక్కబొడుచుకున్నయ్.”

“అయితే ఆమెకు శిక్షణ అవసరం లేదన్నమాట. ఆ కారణం కూడా కలిపి తిరస్కరించండి.”

తిరస్కరణ పత్రాన్ని పోస్టులో వేస్తే సరిపోయేది. రాజలింగు బస్సెక్కి బోధన్ పోయి, తనే ఇచ్చాడు. దీక్షిత నిలబడే చదివింది. ఏడవలేదు.

“సార్, నిజం చెప్పుండ్రి. మీకు నచ్చిందా?”

“నచ్చింది బిడ్డా. మస్తు నచ్చింది.”

“మరి గా ముచ్చట యాడ రాసిన్రు?”

రాజలింగు పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నచ్చిందని రాయడానికి ఎక్కడా చోటు లేదు. కాగితం ముట్టిందని ఆమె సంతకం చేయడానికి మాత్రం కింద అరపేజీ వదిలారు.