తేనెకో పథ్యం

ఆ దర్జీ మెడలోంచి కొలతల టేపు ఎప్పుడూ దిగదు. అందుకే వీధంతా ఆయన్ని టేపు మాస్టారనేది. ఏడాదిగా ఆయన ఓ రహస్యం మోస్తున్నాడు. తన ప్యాంటు నడుం తానే విప్పి, తానే వదులు చేసి, మళ్ళీ తానే కుట్టుకుంటున్నాడు. చేతిలో పని కాబట్టి కాకికి కూడా తెలియదనుకున్నాడు. దారం రంగులో తేడా చూసి భార్య పట్టేసింది.

ఆవిడ ఆసుపత్రిలో నర్సు. మర్నాడే రెక్క పట్టుకుని రక్తపరీక్షకి లాక్కెళ్ళింది. షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడిందనీ, ఇంకా లోపలికి అడుగు పెట్టలేదనీ డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రానికల్లా చక్కెర డబ్బా ఇల్లొదిలి వెళ్ళిపోయింది. బిస్కెట్లూ దాని వెంటే వెళ్ళాయి.

చప్పటి టీ తాగుతూ మాస్టారు కొన్నాళ్ళు లోకం మీద విరక్తితో బతికాడు. ఆ విరక్తిలో కుట్టిన చొక్కాలన్నిటికీ చేతులు పొట్టివయ్యాయి. సరిగ్గా అప్పుడే పక్క వీధిలో తేనె కొట్టు తెరిచారు. కొట్టతను ప్రతి తేనెకీ ఓ జబ్బును ముడిపెట్టి అమ్ముతున్నాడు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

నాలుగు సీసాలు తెచ్చి వంటింటి గట్టు మీద పెళ్ళివారిలా వరసగా కూర్చోబెట్టాడు. యూకలిప్టస్ తేనె దగ్గుకి, ఆవపువ్వు తేనె మోకాళ్ళకి, నారింజపువ్వు తేనె నిద్రకి, అడవి తేనె తక్కిన అన్నిటికీ అని భార్యకి పాఠం చెప్పాడు.

"ఇది చక్కెర కాదోయ్, మందు" అన్నాడు చివర్లో.

"మీకు దగ్గెక్కడుందండీ?"

"వస్తుందిలే" అన్నాడు నమ్మకంగా.

ఇల్లెగిరిపోతుందనుకున్నాడు గానీ, ఆవిడ చాలా శాంతంగా తల ఊపింది. "మందన్నాక పథ్యం కూడా ఉంటుంది. మందు మీరు చెప్పారు కాబట్టి, పథ్యం నేను చెప్తాను. సరేనా?"

ఆ క్షణంలో సీసా మూత తీయనిస్తే చాలు, ఆస్తి రాసిమ్మన్నా ఆయన రాసిచ్చేవాడే. సరేనన్నాడు.

పొద్దున్నే దగ్గు రానే వచ్చింది. చెంచాడు తేనె నాలుక మీద కరుగుతుంటే మాస్టారి కళ్ళు అరమోడ్పులయ్యాయి. ఆ తర్వాత పథ్యం వచ్చింది. దగ్గు మనిషి చల్లనీళ్ళు తాగకూడదు, ఫ్యాను కింద కూర్చోకూడదు, దుకాణంలో నోరు విప్పకూడదు. కబుర్లు లేకుండా కత్తెర పట్టడం ఆయన జన్మలో ఎరగడు. కొలతలన్నీ సైగలతో అడగాల్సి వచ్చి, ఓ పెద్దమనిషి ప్యాంటు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

ఇది లాభం లేదని దగ్గు మానేసి మోకాళ్ళ నొప్పి తెచ్చుకున్నాడు. ఆవపువ్వు తేనె నెయ్యిలా పేరుకుని ఉంది. కొట్టతను చక్కెర కలిపి మోసం చేశాడని గంతులు వేశాడు. ఆ తేనె తీరే అంత, త్వరగా గడ్డకడుతుంది, గంతులేసే మోకాళ్ళకి మందెందుకని భార్య అడిగింది. వెంటనే కుంటుతూ వచ్చి రెండు చెంచాలు మింగాడు. దాని పథ్యం ఏమిటంటే మిషను తొక్కకూడదు. ఆ వారమంతా సూదీ దారంతో చేత్తోనే కుట్టాడు.

ఇక నిద్ర పట్టని జబ్బుకి మధ్యాహ్నం నుంచి టీ బందు, సాయంత్రం నుంచి టీవీ బందు. ఆవిడ డ్యూటీకెళ్ళిన పూట వంటలోనైనా తీరిగ్గా తిందామని అడవి తేనె పోసి క్యారెట్లు వేయించాడు. బాణలిలో తేనె కనిపించింది గానీ క్యారెట్లు కనిపించలేదు. చీమలు వంటింట్లోంచి ఆయన చొక్కా జేబు దాకా బారులు తీరాయి. జేబులో చెంచా ఉందని ఆవిడకి వాటి వల్లే తెలిసింది.

బట్టలు పాడయ్యాయని తగవుకొచ్చిన వాళ్ళందరికీ మాస్టారు ఒకటే జవాబు చెప్పాడు. ఒంట్లో బాగాలేదన్నాడు, అన్ని జబ్బులూ ఒక్కసారే చుట్టుముట్టాయన్నాడు. పాపమని వాళ్ళూ సరిపెట్టుకున్నారు.

ఇంతలో బేకరీ యజమాని కూతురి పెళ్ళి విందు వచ్చింది. పెళ్ళికొడుకు కోటు కుట్టింది మాస్టారే. కేకు మూడంతస్తులదనీ, కిందది చాక్లెట్టు, మధ్యది బాదం, పైది వెన్నమీగడ అనీ ముందే ఆరా తీసి పెట్టుకున్నాడు. ఆ పొద్దున లేస్తూనే దగ్గు లేదు, మోకాళ్ళ నొప్పి లేదు, నిద్ర దివ్యంగా పట్టింది.

"పూర్తిగా నయమైపోయినట్టేనా?" అంది భార్య.

"పూర్తిగా."

"అయితే ఇవిక అక్కర్లేదు" అని సీసాలు నాలుగూ సంచిలో పెట్టి పక్కింటి వాళ్ళకిచ్చేసింది. మాస్టారు సంచి వెంట గుమ్మం దాకా వెళ్ళాడు. కేకును తలుచుకుని తమాయించుకున్నాడు.

విందులో మోకాళ్ళ ప్యాంటు పెద్దమనిషి ఆయన పక్కనే కూర్చున్నాడు. పొట్టి చేతుల చొక్కాల వాళ్ళు ఎదురుగా కూర్చున్నారు. బేకరీ యజమాని మూతపెట్టిన పళ్ళెం రెండు చేతులా పట్టుకుని స్వయంగా వచ్చాడు.

"నిన్ననే వదిన ఫోన్ చేసిందన్నయ్యా. ఇన్ని జబ్బులతో కూడా వచ్చారు, అది చాలు. మీకోసం విడిగా చేయించాను."

మూత తీస్తే ఉడికించిన బీన్సు, దోసకాయ ముక్కలు, గ్లాసెడు వేడినీళ్ళు. వేడినీళ్ళ పక్కన చిన్న చెంచాలో తేనె.

మాస్టారు నోరు తెరిచాడు. నాకేం జబ్బూ లేదని ఒక్క మాటంటే కేకు వస్తుంది. పక్కాయన చెవులు రిక్కించి వింటున్నాడు. ఎదుటివాళ్ళు తినడం మానేసి చూస్తున్నారు. మాస్టారు తెరిచిన నోట్లో ఓ బీన్సు ముక్క పెట్టుకుని, అందరికీ వినపడేలా దగ్గాడు. మూడంతస్తులూ ఒక్కొక్కటిగా ఆయన ముందు నుంచే వెళ్ళిపోయాయి.

ఇద్దరూ ఇంటికి నడుస్తున్నారు. "నా పరువు తీశావు" అన్నాడు మాస్టారు.

"పరువు మీ దగ్గరే ఉంచాను, కేకే తీశాను." అంది ఆవిడ. "రోజూ వార్డులో షుగరు గుమ్మం దాటి వచ్చినవాళ్ళ కాళ్ళకి కట్లు కడుతుంటాను. మీ మంచం పక్కన అలా నిలబడాలంటే నాకు భయమండీ."

ఇన్నాళ్ళూ మాస్టారికి జబ్బు తెచ్చుకోవడం ఆటగానే ఉంది గానీ, ఇంట్లో ఒకరు నిజంగానే భయపడుతున్నారని తట్టలేదు. ఇంటికెళ్ళగానే ప్యాంటు కుట్లు విప్పి, నడుం పాత కొలతకే కుట్టాడు. అది పట్టే రోజు వచ్చేదాకా కొక్కేనికి వేలాడుతుందన్నాడు.

"అది సరే గానీ, సిగ్గుకి ఏ తేనె మంచిదోయ్?" అన్నాడు సూదిలోంచి దారం తీస్తూ.

"సిగ్గుని తగ్గించుకోకండి. అదున్నన్నాళ్ళూ మీకు దగ్గు రాదు" అంది ఆవిడ, చప్పటి టీ చేతికిస్తూ.