చిన్న ఫీజు, పెద్ద ఫీజు

ఆ ఉదయం దిగంబర్ పెట్టుకున్న పని ఒక్కటే. కొత్త ఫ్యాను బిగించి, దాని గాలిలో కూర్చుని చాయ తాగాలి. కర్ఖేలి చేలల్లో ఉన్న ఆ రేకుల ఇంటికి కరెంటు లైను లేదు. పైన సోలార్ పలకలు, లోపల ఒక బ్యాటరీ, అంతే. బ్యాటరీ వెనక కప్పు దాకా పత్తి. మంచి ధర కోసం ఆపిన పత్తి. అది అమ్మితేనే నాందేడ్‌లో నర్సింగ్ చదివే చిన్న కూతురు ప్రణాలికి ఈ ఏటి ఫీజు.

ఫ్యాను తిరిగింది. చాయ సగం తాగాడో లేదో, రబ్బరు కాలిన వాసన వచ్చింది. గోడ వెంట పోయే వైరును ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఒక్క నిప్పురవ్వ చాలు, కూతురి చదువు బూడిదే! గబగబా అన్నీ ఆపేసి, ధర్మాబాద్‌లో ఉండే మెకానిక్ నందకిషోర్‌కు ఫోన్ కొట్టాడు.

"ఏ ఫీజు పెట్టినవు కాకా?"

"పది యాంపులది మాటిమాటికి పోతున్నదని వందది పెట్టిన. మజ్‌బూత్ ఉంటది, జల్ది పోదని."

"ఫీజు మజ్‌బూత్‌గనే ఉంటది, వైరు మండుతది! వైరు ఎంత మోస్తదో సూసి ఫీజు పెట్టాలె. ఏడ పెట్టినవు?"

"తల్పు కాడ. పోతె వస్తె కండ్ల వడ్తదని."

"బ్యాటరీ ఆడ, ఫీజు ఈడనా? నడుమ వైరుకు ఏమన్న అయితె ఆపేటోడెవడు? ప్లస్సు కాడనే పెట్టు, జానెడు దూరంల. నీ వైరుకు ముప్పైది సాలు. ఆపతస్తె ఫీజు కాలుతది, ఇల్లు దక్కుతది."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ వైపు ఊళ్లలో కాలేజీకి కట్టేదీ ఫీజే, కరెంటు వైరుకు కట్టే ఫ్యూజూ ఫీజే. పైగా ప్రణాలిని ఇంట్లో అందరూ పిలిచే పేరు 'చిన్నది'. నీళ్ల బిందెతో అప్పుడే గుమ్మంలోకి వచ్చిన గంగుబాయికి భర్త గొంతు ఒక్కటే వినిపించింది.

"సరె, పెద్ద ఫీజు ఇగ కట్ట. చిన్నది కాలిపోతె కాలిపోనియ్. ఇల్లు దక్కితె సాలు."

బిందె ఆమె చంకలోంచి జారిపోయింది. భర్తనే అడగవచ్చు కదా అంటారా? అడిగితే మన కథ అక్కడే అయిపోయేది. గంగుబాయి ఇంటి వెనక్కి వెళ్లి బిలోలిలో ఉన్న తమ్ముడు విలాస్‌కు ఫోన్ చేసి ఏడ్చింది. "మేనమామను నేను సచ్చిపోయిన్నా? చిన్నదాని ఫీజు నేను కడ్త!" అంటూ విలాస్ బైకెక్కాడు. ఎక్కేముందు ప్రణాలికి ఫోన్ చేసి, నాన్న కట్టకపోయినా ఫీజు తాను కడతానని ధైర్యం చెప్పాడు. ఆ ధైర్యంతో ఆ పిల్ల ఏడుస్తూ పెట్టె సర్దుకుని ఇంటికి రైలెక్కింది.

ఇవేమీ తెలియని దిగంబర్ చేతిలో పానా, నోట్లో దేవుడి పేరుతో బ్యాటరీ ముందు కూర్చున్నాడు. వందదాన్ని తీసి బయటికి విసిరాడు. పాత సామాన్ల డబ్బా బోర్లించి ముప్పైది వెతికి, బ్యాటరీ ప్లస్సు పక్కనే బిగించి మూత పెట్టాడు. భయంభయంగా ఫ్యాను వేసి, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు వైరు మీద చెయ్యి వేసి చూస్తున్నాడు. అంతలో విలాస్ ఊడిపడ్డాడు. వెనకే గంగుబాయి.

"బావా! ఫీజు కడ్తవా, కట్టవా?"

తన కష్టం బిలోలి దాకా తెలిసినందుకు దిగంబర్‌కు కళ్లు చెమర్చాయి. "ఇప్పుడే కట్టిన, విలాసూ."

"ఎంత?"

"ముప్పై."

"ముప్పై ఏడ సరిపోతది? వందన్న కట్టాలె!"

"వంద కట్టిననే గద కొంప మునుగుతుండె. తీసి అవతల పారేసిన."

"పారేసినవా!" విలాస్ పిడికిలి బిగించి రేకు గోడను ఒక్క గుద్దు గుద్దాడు. గోడకు ఆనించిన పార ఊగి, పదునైన అంచుతో సరిగ్గా రెండు వైర్ల మీద పడింది. చిటపటా నిప్పురవ్వలు! టప్‌మని చప్పుడు. ఫ్యాను ఆగిపోయింది.

దిగంబర్ పాకుతూ వెళ్లి రెండు చేతులతో పత్తిని తడిమాడు. చల్లగా ఉంది. వైరును తడిమాడు. అదీ చల్లగానే ఉంది. అక్కడే కూలబడి, ఏడుపూ నవ్వూ కలిపి అరిచాడు.

"పోయింది! ఫీజు పోయింది!"

గంగుబాయి నోరు కొట్టుకుంది. "అయ్యో, కట్టిన ముప్పై గూడ పాయెనా!"

అప్పుడు గానీ దిగంబర్‌కు విషయం అర్థం కాలేదు. మూత తెరిచి, నల్లగా మాడిన ఫీజును తీసి భార్య అరచేతిలో పెట్టాడు. "గిది పోకుంటె పత్తి పోతుండె. పత్తి పోతె చిన్నదాని సదువు పోతుండె."

గంగుబాయి ఫీజును చూసింది, పత్తిని చూసింది. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. చివరికి తమ్ముడి మీద విరుచుకుపడింది. "నీకెవడు చెప్పిండ్రా, మా ఆయన ఫీజు కట్టడని?"

అంతలో దారిలోని ముద్ఖేడ్ స్టేషన్ నుంచి ప్రణాలి ఫోన్. "బాపూ, నా సదువు ఇగ బందేనా?"

"ఎవరన్నరు బిడ్డా? చిన్న ఫీజు పోయింది, పెద్ద ఫీజు పదిలంగున్నది. నువ్వు మల్ల కాలేజీకి పో."

మేనకోడలి ఫీజు తానే కడతానన్న విలాస్, ఆ సాయంత్రమే ధర్మాబాద్ వెళ్లి ముప్పై ఫీజు ఒకటి తెచ్చి, తన చేత్తోనే కట్టి, మాట నిలబెట్టుకున్నాడు.